ప్రతి ఫ్రేముకూ కోడ్ నడపడం ఎలా: వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ యాడాన్‌లో ఆన్‌అప్‌డేట్

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ 2004 నవంబరులో విడుదలైన నాటి నుంచీ తన ఇంటర్‌ఫేస్‌ను మార్చుకునే వీలు ఆటగాళ్లకు ఇస్తూనే ఉంది. తెరమీద కనిపించే బటన్లు, ఆరోగ్యం బార్లు, మ్యాపు, చాట్ పెట్టె వంటివన్నీ లువా భాషలో నడుస్తాయి. మనం రాసే యాడాన్, అంటే ఆటకు మనం జోడించే చిన్న ప్రోగ్రామ్, కూడా అదే భాషలో, దాదాపు అవే పనిముట్లతో నడుస్తుంది. ఆ పనిముట్లలో ఆన్‌అప్‌డేట్ అంత శక్తి ఉన్నది మరొకటి లేదు. దానంత తప్పుగా వాడేది కూడా మరొకటి లేదు. రెయిడ్‌లో, అంటే చాలామంది కలిసి పెద్ద శత్రువుతో పోరాడే చోట, ఇరవై మంది మధ్య ఆట నత్తనడక నడుస్తుంటే చాలామంది గ్రాఫిక్స్ కార్డును తిట్టుకుంటారు. అసలు కారణం చాలాసార్లు ఏదో ఒక యాడాన్‌లో, ప్రతి ఫ్రేముకూ అక్కర్లేని పని చేస్తున్న నాలుగు వరుసల కోడ్.

ఆన్‌అప్‌డేట్ చేసే పని చాలా సూటిది. గేమ్ తెరమీద కొత్త బొమ్మ గీయబోయే ప్రతిసారీ మీరిచ్చిన ఫంక్షన్‌ను ఒకసారి పిలుస్తుంది. సెకనుకు 60 ఫ్రేముల వేగంతో ఆడుతుంటే సెకనుకు 60 సార్లు, 144 ఉంటే 144 సార్లు. మొదటి లెక్కలో ఒక్కో ఫ్రేముకు దొరికే సమయం సుమారు 16.7 మిల్లీసెకన్లు, రెండో లెక్కలో 7 కంటే కొంచెం తక్కువ. కొండలు, చెట్లు, పాత్రలు, మంత్రాల వెలుగులు, మిగతా యాడాన్లు, మీ ఫంక్షన్ అన్నీ ఆ కాస్త సమయంలోనే సర్దుకోవాలి. అందుకే ఈ వ్యాసమంతా ఒకే నియమం మీద నడుస్తుంది: కంటికి జారుతూ కనిపించాల్సిన పనికి మాత్రమే ఆన్‌అప్‌డేట్ వాడండి, ఆ పని అయిన క్షణమే దాన్ని ఆపేయండి.

చదివేముందు రెండు విషయాలు. కోడ్‌లోని పేర్లను ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను. ఫైలులో మాత్రం అన్నీ ఆంగ్ల అక్షరాల్లోనే ఉండాలి. గేమ్ ఇచ్చే ఫంక్షన్లలో చాలావాటి పేర్లలో ప్రతి పదం మొదటి అక్షరం పెద్దది, మధ్యలో ఖాళీ ఉండదు. లోకల్, ఇఫ్, దెన్, ఎండ్ లాంటి లువా పదాలన్నీ చిన్న అక్షరాలే. ఇక రెండోది: ఈ గేమ్‌లో తెరమీది పెట్టెలను కూడా ఫ్రేములనే అంటారు. గందరగోళం లేకుండా ఉండడానికి ఆ పెట్టెలను విడ్జెట్లు అంటాను. ఫ్రేము అన్నచోటల్లా తెరమీద మారే బొమ్మ అనే అర్థం.

యాడాన్ ఫోల్డర్

ఉదాహరణగా ఒక పుల్ టైమర్ రాద్దాం. బాస్‌తో పోరు మొదలుపెట్టేముందు రెయిడ్ నాయకుడు పది సెకన్లు లెక్కపెడతాడు కదా, ఆ లెక్కను బార్ రూపంలో చూపించే చిన్న యాడాన్ ఇది. చిన్నదే అయినా ఆన్‌అప్‌డేట్‌లో నేర్చుకోవలసిన మెళకువల్లో చాలా వరకు ఇందులోనే వస్తాయి.

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఫోల్డర్‌లో రిటైల్ ఫోల్డరు, అందులో ఇంటర్‌ఫేస్, దానిలో యాడాన్స్ ఉంటాయి. అక్కడ పుల్‌బార్ అనే ఫోల్డర్ చేయండి. దానిలో రెండు ఫైళ్లు చాలు: పుల్‌బార్ డాట్ టీఓసీ, పుల్‌బార్ డాట్ లువా. టీఓసీ ఫైలు పేరు, ఫోల్డర్ పేరు అక్షరం పొల్లు పోకుండా ఒకటే కావాలి. లేకపోతే గేమ్ మీ యాడాన్‌ను అసలు గుర్తించదు. టీఓసీలో మూడు వరుసలు రాయండి. రెండు హ్యాష్ గుర్తుల తర్వాత ఇంటర్‌ఫేస్, కోలన్, వెర్షన్ సంఖ్య ఒక వరుస. మళ్లీ రెండు హ్యాష్‌ల తర్వాత టైటిల్, కోలన్, పేరు ఇంకో వరుస. చివర లువా ఫైలు పేరు. వెర్షన్ సంఖ్య ప్రతి ప్యాచ్‌కూ మారుతుంది కాబట్టి ఎక్కడినుంచో నకలు చేయకండి. గేమ్‌లోనే గెట్‌బిల్డ్‌ఇన్ఫో ఫంక్షన్‌ను డంప్ కమాండ్‌తో నడిపితే అది తిరిగిచ్చే నాలుగో విలువ ఇదే.

కొత్త ఫోల్డర్ పెట్టినప్పుడు గేమ్‌ను పూర్తిగా మూసి తెరవండి. ఆ తర్వాత లువా ఫైలులో ఏ మార్పు చేసినా చాట్‌లో రీలోడ్ కమాండ్ కొడితే సరిపోతుంది. లువా తప్పులు తెరమీద కనిపించేలా స్క్రిప్ట్‌ఎర్రర్స్ అనే సెట్టింగును కన్సోల్ కమాండ్‌తో 1 చేసుకోవడం మరవకండి.

బార్ గీయడం

```
లోకల్ బార్ = క్రియేట్‌ఫ్రేమ్("స్టేటస్‌బార్", నిల్, యూఐపేరెంట్)
బార్:సెట్‌సైజ్(240, 20)
బార్:సెట్‌పాయింట్("సెంటర్", 0, 180)
బార్:సెట్‌స్టేటస్‌బార్‌టెక్స్చర్("ఇంటర్‌ఫేస్\\టార్గెటింగ్‌ఫ్రేమ్\\యూఐ-స్టేటస్‌బార్")
బార్:సెట్‌స్టేటస్‌బార్‌కలర్(0.9, 0.6, 0.1)
బార్:హైడ్()

లోకల్ అంకె = బార్:క్రియేట్‌ఫాంట్‌స్ట్రింగ్(నిల్, "ఓవర్‌లే", "గేమ్‌ఫాంట్‌హైలైట్")
అంకె:సెట్‌పాయింట్("సెంటర్")
```

సెంటర్, ఓవర్‌లే రెండూ మొత్తం పెద్ద అక్షరాల్లో రాయండి. టెక్స్చర్ వరుస వదిలేస్తే బార్ ఉంటుంది కానీ కంటికి కనిపించదు. కొత్తగా రాసేవాళ్లు గంటల తరబడి వెతికేది ఈ ఒక్క వరుస కోసమే.

అన్నిటికంటే ముఖ్యమైనది ఆఖరున ఉన్న హైడ్. క్రియేట్‌ఫ్రేమ్‌తో చేసిన విడ్జెట్ పుట్టడమే కనిపించే స్థితిలో పుడుతుంది. దానికి ఆన్‌అప్‌డేట్ తగిలిస్తే ఆ క్షణం నుంచే నడవడం మొదలవుతుంది, దానిలో బొమ్మ ఏదీ లేకపోయినా సరే. దాచిన విడ్జెట్‌కు మాత్రం ఆన్‌అప్‌డేట్ నడవదు. ఈ ఒక్క లక్షణం బాగా మనసుకు పడితే సగం పని అయినట్టే. ఆన్ చేయడం, ఆపడం కోసం వేరే జెండా వేరియబుల్ అక్కర్లేదు. షో అంటే నడుపు, హైడ్ అంటే ఆపు. దాచి ఉన్నంతసేపు గేమ్ మీ ఫంక్షన్ జోలికే రాదు కాబట్టి ఖర్చు సున్నా. ఫంక్షన్ మొదట్లోనే పని లేకపోతే వెనక్కి వెళ్లిపో అని రాసుకునే పద్ధతి దీనికి సాటి రాదు. అలా రాసినా సెకనుకు 60 సార్లు పిలుపు వెళ్తూనే ఉంటుంది.

ఇందులో ఒక మెలిక ఉంది. విడ్జెట్ కనిపించాలంటే దాని తల్లి విడ్జెట్ కూడా కనిపిస్తూ ఉండాలి. మన బార్‌కు తల్లి యూఐపేరెంట్. ఆటగాడు ఆల్ట్, జెడ్ నొక్కి ఇంటర్‌ఫేస్ మొత్తం దాచినప్పుడు యూఐపేరెంట్ మాయమవుతుంది, దానితోపాటు మన ఆన్‌అప్‌డేట్ కూడా ఆగిపోతుంది. ఈ సంగతి తర్వాతి మెట్టులో అవసరం అవుతుంది.

ప్రతి ఫ్రేముకూ నడిచే ఫంక్షన్

```
లోకల్ ముగింపు, చివరి_అంకె, గంట = 0, నిల్, నిల్

లోకల్ ఫంక్షన్ ప్రతిఫ్రేము(సెల్ఫ్, ఎలాప్స్‌డ్)
    లోకల్ మిగిలింది = ముగింపు - గెట్‌టైమ్()
    ఇఫ్ మిగిలింది <= 0 దెన్
        సెల్ఫ్:హైడ్()
        రిటర్న్
    ఎండ్
    సెల్ఫ్:సెట్‌వాల్యూ(మిగిలింది)
    లోకల్ సెకను = మ్యాథ్.సీల్(మిగిలింది)
    ఇఫ్ సెకను ~= చివరి_అంకె దెన్
        చివరి_అంకె = సెకను
        అంకె:సెట్‌టెక్స్ట్(సెకను)
    ఎండ్
ఎండ్

బార్:సెట్‌స్క్రిప్ట్("ఆన్‌అప్‌డేట్", ప్రతిఫ్రేము)
```

గేమ్ మీ ఫంక్షన్‌కు రెండు విలువలు పంపుతుంది. మొదటిది ఏ విడ్జెట్ కోసం పిలిచిందో ఆ విడ్జెట్. రెండోది కిందటి ఫ్రేము నుంచి ఇప్పటిదాకా గడిచిన సమయం, సెకన్లలో. 60 ఫ్రేముల వేగంలో అది సుమారు 0.0167. పాత పుస్తకాల్లో, పాత యాడాన్లలో దిస్, ఆర్గ్1 అనే గ్లోబల్ పేర్లు కనిపిస్తే అయోమయపడకండి. అవి మొదటి రోజుల పద్ధతి, ఇప్పటి గేమ్‌లో లేవు.

ఎలాప్స్‌డ్ చేతిలో ఉన్నా ఇక్కడ దాన్ని వాడలేదు, గమనించారా? చాలామంది పది నుంచి మొదలుపెట్టి ఫ్రేము ఫ్రేముకూ ఎలాప్స్‌డ్‌ను తీసేస్తూ పోతారు. ఆటగాడు ఆల్ట్, జెడ్ నొక్కి నాలుగు సెకన్లు ఇంటర్‌ఫేస్ దాచాడనుకోండి. ఆ నాలుగు సెకన్లూ మన ఫంక్షన్‌కు పిలుపు రాదు, లెక్కలో నాలుగు సెకన్లు తప్పిపోతాయి. బార్ ఇంకా నాలుగు సెకన్లు ఉంది అంటుంటే రెయిడ్ అప్పటికే బాస్ మీదికి వెళ్లిపోతూ ఉంటుంది. ముగిసే సమయాన్ని ముందే రాసిపెట్టుకుని, ప్రతిసారీ గెట్‌టైమ్‌తో పోల్చి చూస్తే ఈ బాధ ఉండదు. ఎన్ని ఫ్రేములు జారిపోయినా, తెర తిరిగి వచ్చిన మొదటి ఫ్రేములోనే బార్ సరైన చోట ఉంటుంది. ఈలోగా సమయం దాటిపోయి ఉంటే మొదటి ఇఫ్ దాన్ని దాచేస్తుంది. గడియారం గురించిన పనికి గెట్‌టైమ్, కదలిక గురించిన పనికి ఎలాప్స్‌డ్ అని గుర్తుపెట్టుకోండి.

గెట్‌టైమ్ గురించి తెలుసుకోవలసిన ఇంకో సంగతి: ఒక ఫ్రేము నడుస్తున్నంతసేపు అది ఒకే విలువ ఇస్తుంది. కాబట్టి మీ కోడ్ ఎంతసేపు నడిచిందో కొలవడానికి అది పనికిరాదు. దానికి వేరే పనిముట్టు ఉంది, తర్వాత చూద్దాం.

ఇక సెట్‌టెక్స్ట్ చుట్టూ ఉన్న రెండో ఇఫ్. బార్ జారుతూ తగ్గాలి కాబట్టి సెట్‌వాల్యూ ప్రతి ఫ్రేముకూ కావాలి. దాని మధ్యలోని అంకె సెకనుకు ఒక్కసారే మారుతుంది. ఇఫ్ లేకుండా రాస్తే పది సెకన్ల లెక్కలో 60 ఫ్రేముల దగ్గర 600 సార్లు, 144 దగ్గర 1440 సార్లు అక్షరాలు మళ్లీ మళ్లీ పేర్చమని అడుగుతాం. ఇఫ్‌తో ఆ పని పదిసార్లే. అక్షరాలు పేర్చడం ఇంటర్‌ఫేస్‌లో తేలికైన పని కాదు. మారిన విలువను మాత్రమే తెరమీద పెట్టడం అనే అలవాటు ఒక్కటి చేసుకుంటే, మీ యాడాన్ చాలా యాడాన్ల కంటే తేలికగా నడుస్తుంది.

మొదలుపెట్టే మీట

```
లోకల్ ఫంక్షన్ గంటకొట్టు()
    ప్లేసౌండ్(సౌండ్‌కిట్.రెయిడ్_వార్నింగ్)
    గంట = నిల్
ఎండ్

లోకల్ ఫంక్షన్ మొదలు(సెకన్లు)
    ఇఫ్ గంట దెన్ గంట:క్యాన్సిల్() ఎండ్
    ముగింపు = గెట్‌టైమ్() + సెకన్లు
    చివరి_అంకె = నిల్
    బార్:సెట్‌మిన్‌మ్యాక్స్‌వాల్యూస్(0, సెకన్లు)
    బార్:షో()
    గంట = సీ_టైమర్.న్యూటైమర్(సెకన్లు, గంటకొట్టు)
ఎండ్
```

సౌండ్‌కిట్, రెయిడ్_వార్నింగ్ రెండూ మొత్తం పెద్ద అక్షరాలు. లోకల్ ఫంక్షన్లను వాడేచోటికి పైనే రాయాలి, ఎందుకంటే లువా ఫైలును పైనుంచి కిందికి చదువుతుంది.

గంట మోగించే పనిని ఆన్‌అప్‌డేట్‌లో, హైడ్ పక్కనే పెట్టొచ్చు కదా అనిపిస్తుంది. పెట్టకండి. ఇంటర్‌ఫేస్ దాచి ఉన్నప్పుడు ఆన్‌అప్‌డేట్ నడవదని చూశాం. అప్పుడు గంట మోగదు, లేదా తెర తిరిగి తెచ్చాక ఆలస్యంగా మోగుతుంది. సీ_టైమర్ మాత్రం ఏ విడ్జెట్ కనిపించినా కనిపించకపోయినా పనిచేస్తుంది. ఒక నిర్ణీత సమయం తర్వాత ఒక్కసారి జరగాల్సిన పనికి అదే సరైన చోటు. 2014లో వచ్చిన 6.0.2 ప్యాచ్‌కు ముందు ఈ సదుపాయం లేదు. అందుకే పాత యాడాన్లలో ఐదు సెకన్లు ఆగడం కోసం కూడా ఆన్‌అప్‌డేట్ కనిపిస్తుంది. ఆ పద్ధతిని ఇప్పుడు అనుకరించే అవసరం లేదు.

కమాండ్ కోసం రెండు గ్లోబల్ పేర్లు కావాలి. స్లాష్_పుల్‌బార్1 అనే వేరియబుల్‌లో కమాండ్ అక్షరాలు పెట్టాలి, స్లాష్‌సీఎండీలిస్ట్ టేబుల్‌లో పుల్‌బార్ అనే తాళంచెవి కింద ఫంక్షన్ పెట్టాలి. స్లాష్_పుల్‌బార్1, ఆ తాళంచెవి రెండూ మొత్తం పెద్ద అక్షరాలు. మొదటి వేరియబుల్ ముందు అలవాటుగా లోకల్ అని రాశారంటే గేమ్‌కు అది కనిపించదు, కమాండ్ పనిచేయదు. ఆ ఫంక్షన్‌కు వచ్చే విలువ అక్షరాల వరుస కాబట్టి టునంబర్‌తో అంకెగా మార్చి, మారకపోయినా, సున్నా లేక అంతకంటే తక్కువ వచ్చినా, అక్కడే ఆపేయండి. సరైన అంకె వస్తే మొదలు ఫంక్షన్‌కు ఇవ్వండి.

రీలోడ్ చేసి కమాండ్ పక్కన 10 కొట్టి చూడండి. నారింజ రంగు బార్ నిండుగా వచ్చి, జారుతూ తగ్గి, మాయమవ్వాలి, గంట మోగాలి. మధ్యలో ఆల్ట్, జెడ్ నొక్కి మళ్లీ నొక్కండి. బార్ తగ్గాల్సినంత తగ్గి ఉందేమో చూడండి.

కదలికకు ఎలాప్స్‌డ్

ఒక బొమ్మ తెరమీద ఎడమ నుంచి కుడికి జరగాలనుకోండి. ప్రతి ఫ్రేముకూ మూడు పిక్సెళ్లు జరుపు అని రాస్తే 60 ఫ్రేముల కంప్యూటర్‌లో సెకనుకు 180 పిక్సెళ్లు, 144 ఫ్రేముల కంప్యూటర్‌లో 432 పిక్సెళ్లు జరుగుతుంది. మీ దగ్గర చక్కగా కనిపించిన కదలిక ఇంకొకరి దగ్గర పరుగు అవుతుంది. వేగాన్ని సెకను లెక్కలో నిర్ణయించి, ఎలాప్స్‌డ్‌తో గుణించిన దూరం మాత్రమే జరపండి. అప్పుడు ఏ కంప్యూటర్‌లోనైనా సెకనుకు అంతే దూరం.

బార్ ఒక్కసారిగా దూకకుండా మెత్తగా సర్దుకోవాలనుకునేవాళ్లు సాధారణంగా ప్రతి ఫ్రేముకూ మిగిలిన దూరంలో పదో వంతు జరుపుతారు. ఇదీ ఫ్రేము వేగం మీద ఆధారపడే తప్పే, కాకపోతే కంటికి వెంటనే దొరకదు. పదో వంతుకు బదులు, ఒకటిలోంచి మ్యాథ్.ఎక్స్‌ప్(-వేగం * ఎలాప్స్‌డ్) తీసేస్తే వచ్చే వంతు వాడండి. వేగం స్థానంలో 6 నుంచి 10 మధ్య అంకె ఒకటి పెట్టి చూస్తే మీకు నచ్చిన మెత్తదనం దొరుకుతుంది. గమ్యానికి చాలా దగ్గరైనప్పుడు విలువను నేరుగా గమ్యం మీద పెట్టి, ఆన్‌అప్‌డేట్ ఆపేయండి. అలా ఆపకపోతే కంటికి ఆనని తేడా కోసం ఫంక్షన్ నడుస్తూనే ఉంటుంది.

ఎలాప్స్‌డ్ ఎప్పుడూ చిన్న అంకె అనుకోవద్దు. ఆటగాడు వేరే విండోకు వెళ్తే గేమ్ తన ఫ్రేము వేగాన్ని తగ్గించుకుంటుంది, లోడింగ్ తెర తర్వాత పెద్ద విలువ రావచ్చు. కదలిక లెక్కల్లో ఎలాప్స్‌డ్‌ను 0.1 దాటనివ్వకుండా మ్యాథ్.మిన్‌తో కట్టడి చేయడం మంచి అలవాటు.

ప్రతి ఫ్రేముకూ అక్కర్లేని పనులు

మీ పాత్ర ఎంత వేగంగా వెళ్తోందో శాతంలో చూపించాలనుకోండి. గెట్‌యూనిట్‌స్పీడ్ ఫంక్షన్ సెకనుకు ఎన్ని గజాలో చెబుతుంది. మామూలు పరుగు 7 గజాలు, కాబట్టి 7తో భాగించి 100తో గుణిస్తే శాతం వస్తుంది. ఈ అంకె సెకనుకు 60 సార్లు మారితే ఎవరూ చదవలేరు, ఐదుసార్లు చాలు. ఎలాప్స్‌డ్‌ను ఒక వేరియబుల్‌లో కూడబెట్టి, 0.2 దాటనంతవరకు వెనక్కి వెళ్లిపోయి, దాటినప్పుడు దాన్ని సున్నా చేసి పని చేయడం పాత పద్ధతి. కూడిక తేలికైనదే కాబట్టి ఇది తప్పేమీ కాదు. కూడబెట్టిన దానిలోంచి 0.2 తీసేస్తూ వైల్ చక్రంలో తిప్పేవాళ్లూ ఉన్నారు. అలా రాస్తే ఒక పెద్ద ఆలస్యం తర్వాత అదే పని ఒకే ఫ్రేములో పదేపదే జరిగి, అప్పటికే తడబడుతున్న ఆట మరింత తడబడుతుంది. తెరమీద అంకె చూపించే పనికి సున్నా చేయడమే మేలు.

అంతకంటే శుభ్రమైన దారి సీ_టైమర్.న్యూటిక్కర్. 0.2, ఫంక్షన్ పేరు ఇస్తే అదే చూసుకుంటుంది. అది తిరిగిచ్చే విలువను దాచుకుని, ఆన్‌షోలో మొదలుపెట్టి, ఆన్‌హైడ్‌లో క్యాన్సిల్ చేయండి. టైమర్లు కూడా ఫ్రేముల హద్దు దాటలేవు. 0.001 ఇచ్చినా ఫ్రేముకు ఒక్కసారి కంటే ఎక్కువ నడవదు.

వీటన్నిటికంటే ముందు వేసుకోవలసిన ప్రశ్న: గేమ్ తనంతట తాను చెప్పే సంగతిని మీరు పదేపదే అడుగుతున్నారా? ఆరోగ్యం మారితే యూనిట్_హెల్త్ అనే ఈవెంట్ వస్తుంది (ఈవెంట్ల పేర్లు మొత్తం పెద్ద అక్షరాలే). పోరు మొదలైతే ప్లేయర్_రీజెన్_డిసేబుల్డ్, ముగిస్తే ప్లేయర్_రీజెన్_ఎనేబుల్డ్. రిజిస్టర్‌ఈవెంట్‌తో పేరు నమోదు చేసి ఆన్‌ఈవెంట్‌కు ఫంక్షన్ ఇస్తే, మార్పు జరిగినప్పుడే పిలుపు వస్తుంది. వీటిని ఆన్‌అప్‌డేట్‌లో పరీక్షించడం, ఉత్తరం వచ్చిందేమోనని క్షణానికోసారి వీధి గుమ్మం దాకా వెళ్లిరావడం లాంటిది.

ఈవెంట్లకు ఎదురు సమస్య ఒకటి ఉంది. కొన్ని గుంపులుగా వస్తాయి. పాత్ర మీదున్న మంత్ర ప్రభావాలు మారితే వచ్చే యూనిట్_ఆరా ఒక్క ఫ్రేములోనే ఎన్నోసార్లు రావచ్చు, వచ్చిన ప్రతిసారీ ఆ ప్రభావాల జాబితా మొత్తం మళ్లీ గీస్తే కష్టం. ఇక్కడ ఆన్‌అప్‌డేట్ ఎంతో అందంగా ఉపయోగపడుతుంది. ఒక దాచిన విడ్జెట్ పెట్టుకోండి. ఈవెంట్ వచ్చినప్పుడు దానికి షో అనండి, అంతే, ఇంకేమీ చేయకండి. దాని ఆన్‌అప్‌డేట్ ఫంక్షన్‌లో మొదటి వరుస హైడ్, రెండో వరుస అసలు పని. ఇరవై ఈవెంట్లు వచ్చినా షో మీద షో అన్నట్టే అవుతుంది, జాబితా ఒక్కసారే గీస్తారు. హైడ్‌ను మొదట పెట్టడానికి కారణం ఉంది. తర్వాతి పనిలో ఏదైనా లువా తప్పు దొర్లితే ఫంక్షన్ అక్కడే ఆగిపోతుంది. హైడ్ కింద ఉంటే దానిదాకా చేరదు, తర్వాతి ఫ్రేములో మళ్లీ అదే తప్పు, సెకనుకు 60 సార్లు. ఆన్‌అప్‌డేట్‌లో తప్పు వచ్చినంత మాత్రాన గేమ్ ఆ ఫంక్షన్‌ను తొలగించదు.

అలాగే, మౌస్ బాణాన్ని వెంబడించే వలయం, లాగుతున్న పెట్టె లాంటి వాటికి ప్రతి ఫ్రేమూ నిజంగానే కావాలి. వాటికి మొహమాటపడకుండా ఆన్‌అప్‌డేట్ వాడండి. గెట్‌కర్సర్‌పొజిషన్ ఇచ్చే విలువలను యూఐపేరెంట్ గెట్‌ఎఫెక్టివ్‌స్కేల్‌తో భాగించాలి, లేకపోతే వలయం బాణానికి దూరంగా తిరుగుతుంది.

చెత్త పోగు కానివ్వకండి

ఫంక్షన్ లోపల మీసాల బ్రాకెట్లతో కొత్త టేబుల్ చేసినా, ఫంక్షన్ లోపల ఇంకో ఫంక్షన్ రాసినా, రెండు చుక్కలతో అక్షరాల వరుసలు కలిపి కొత్తది తయారుచేసినా ప్రతిసారీ కొంత మెమరీ ఖర్చవుతుంది. ఒకసారికి అది లెక్కలోకి రాదు. సెకనుకు 144 సార్లు, గంటల తరబడి అంటే లువా చెత్త ఏరివేత తరచుగా జరుగుతుంది, ఆట అప్పుడప్పుడూ ఉలిక్కిపడినట్టు ఆగుతుంది. టేబుల్‌ను బయట ఒకసారి చేసి, వైప్‌తో (దీని పేరు చిన్న అక్షరాలే) ఖాళీచేసి మళ్లీ వాడండి. ఫంక్షన్లన్నిటినీ బయటే రాయండి, పైన ప్రతిఫ్రేము రాసినట్టు. అంకెలను అక్షరాల్లో పొదగాలంటే స్ట్రింగ్.ఫార్మాట్ చేసి సెట్‌టెక్స్ట్‌కు ఇవ్వడం కంటే సెట్‌ఫార్మాటెడ్‌టెక్స్ట్ వాడడం మంచిది.

గెట్‌టైమ్, మ్యాథ్.సీల్ లాంటివాటిని ఫైలు మొదట్లో లోకల్ పేర్లలో పెట్టుకుంటే గ్లోబల్ టేబుల్‌లో వెతికే పని తప్పుతుంది. లాభం ఉంది కానీ చిన్నది. దీనికోసం తాపత్రయపడి, అక్కర్లేని పిలుపులను అలాగే వదిలేసే యాడాన్లు చాలా చూస్తాం. ముందు పిలుపుల సంఖ్య తగ్గించండి, ఆ తర్వాతే ఒక్కో పిలుపు ఖర్చు.

అనుమానంతో కాకుండా కొలిచి తేల్చుకోండి. డీబగ్‌ప్రొఫైల్‌స్టాప్ అనే ఫంక్షన్ మిల్లీసెకన్లలో సూక్ష్మమైన సమయం ఇస్తుంది, ఫ్రేము మధ్యలో కూడా మారుతుంది. దీని పేరు మొత్తం చిన్న అక్షరాలే. మీ ఫంక్షన్ మొదట్లో ఒకసారి, చివర ఒకసారి చదివి, తేడాను కూడబెట్టి, ఐదు సెకన్లకోసారి సగటు చాట్‌లో రాయించండి. ప్రతి ఫ్రేముకూ ప్రింట్ చేయకండి. చాట్ నిండిపోవడమే కాదు, ఆ రాతే మీ కొలతను పాడుచేస్తుంది. మన బార్ లాంటి ఫంక్షన్‌కు మిల్లీసెకనులో చాలా చిన్న భాగం రావాలి. ఒక మిల్లీసెకను దాటిందంటే 144 ఫ్రేముల ఆటగాడి దగ్గర మీరొక్కరే ఏడో వంతు సమయం తీసుకుంటున్నారని అర్థం. కంట్రోల్, ఆర్ నొక్కితే ఫ్రేము వేగం తెరమీద కనిపిస్తుంది. యాడాన్ ఉన్నప్పుడు, లేనప్పుడు ఒకే చోట నిలబడి పోల్చి చూడండి.

హద్దులు

ప్రతి ఫ్రేముకూ కోడ్ నడుస్తుంది కదా, మంత్రాలు కూడా దానితోనే వేయిద్దాం అని కొందరికి అనిపిస్తుంది. అది జరగదు, జరగకూడదు కూడా. మంత్రం వేయడం, లక్ష్యాన్ని ఎంచుకోవడం లాంటి ఫంక్షన్లకు గేమ్ రక్షణ పెట్టింది. ఆటగాడు స్వయంగా మీట నొక్కితే తప్ప అవి నడవవు. 2006 డిసెంబరులో వచ్చిన 2.0 ప్యాచ్‌తో ఈ కట్టడి బిగిసింది. యాడాన్ సమాచారం చూపించాలి, ఆట ఆటగాడే ఆడాలి అన్న ఈ గీత వల్లనే ఇన్నేళ్లుగా యాడాన్లు బతికి ఉన్నాయని నా నమ్మకం.

దీని ప్రభావం విడ్జెట్ల మీద కూడా ఉంటుంది. మంత్రం బటన్ల వంటి రక్షిత విడ్జెట్లను పోరు నడుస్తుండగా దాచలేరు, చూపలేరు, జరపలేరు. మన బార్ రక్షితం కాదు కాబట్టి దానికి అడ్డులేదు. మీరు రక్షిత విడ్జెట్‌ను కదిలించాల్సి వస్తే ఇన్‌కాంబాట్‌లాక్‌డౌన్ అడిగి చూసి, అవునంటే ప్లేయర్_రీజెన్_ఎనేబుల్డ్ ఈవెంట్ వచ్చేదాకా ఆగండి. ఆన్‌అప్‌డేట్‌లో పదేపదే ప్రయత్నిస్తూ కూర్చోకండి.

ఇతరుల విడ్జెట్‌కు మీ పని జోడించాల్సి వస్తే సెట్‌స్క్రిప్ట్ వాడొద్దు, అది వాళ్ల ఫంక్షన్‌ను తుడిచేసి మీది పెడుతుంది. హుక్‌స్క్రిప్ట్ అయితే వాళ్లది నడిచాక మీది నడుస్తుంది. అయితే హుక్‌ను తర్వాత ఊడదీయలేరు, రీలోడ్ చేసేదాకా అలాగే ఉంటుంది. అందుకే ప్రతి ఫ్రేము పనికి మీ సొంత విడ్జెట్ చేసుకుని, అవతలి విడ్జెట్‌ను దానికి తల్లిగా పెట్టడం ఉత్తమం. అది కనిపించినప్పుడే మీదీ నడుస్తుంది. ఒక మినహాయింపు ఉంది. అవతలిది రక్షిత విడ్జెట్ అయితే దాన్ని తల్లిగా పెట్టకుండా, దాని ఆన్‌షో, ఆన్‌హైడ్‌లను హుక్ చేసి మీ విడ్జెట్‌ను చూపండి, దాచండి.

ఈ మెళకువలు వేరే గేమ్‌లకూ పనికొస్తాయి, పేర్లే మారతాయి. ఎల్డర్ స్క్రోల్స్ ఆన్‌లైన్‌లో రిజిస్టర్‌ఫర్‌అప్‌డేట్‌కు విరామం మిల్లీసెకన్లలో ముందే ఇవ్వాలి, కాబట్టి కూడబెట్టే పని తప్పుతుంది. ఫ్యాక్టోరియోలో ఆన్_టిక్ సెకనుకు 60 సార్లు నడుస్తుంది, అన్నిసార్లు అక్కరలేనివారికి ఆన్_ఎన్‌త్_టిక్ ఉంది. రోబ్లాక్స్‌లో రన్‌సర్వీస్ కింద హార్ట్‌బీట్ మీకు గడిచిన సమయాన్ని మన ఎలాప్స్‌డ్ లాగే అందిస్తుంది. కొత్త గేమ్‌లో యాడాన్ రాయబోయేటప్పుడు మొదట మూడు సంగతులు వెతకండి: గడిచిన సమయం ఏ కొలతలో ఇస్తుంది, పిలుపు ఎప్పుడు ఆగుతుంది, మీరు దాన్ని ఎలా ఆపాలి.